జకర్యా గారి ఖాళీ లెక్క

ప్రొఫెసర్ జకర్యా గారు పులుసులో ఉప్పు చూడాలన్నా ముందు ఖాళీ గరిటె నాకుతారు. గరిటె రుచి ఎంతో తేలితే పులుసు రుచిలోంచి దాన్ని తీసేయొచ్చని ఆయన వాదన. ముప్పై ఏళ్ళు న్యూట్రాన్లతో కాపురం చేసిన మనిషికి ఈమాత్రం జబ్బు రాకుండా ఉంటుందా అని భార్య మార్త గారు సరిపెట్టుకున్నారు.

ఈ జబ్బుకి పుట్టిల్లు కార్ఖానా ప్రాంతంలో ఆయన పనిచేసే పరిశోధనా కేంద్రం. న్యూట్రాను కంటికి కనబడదు, చేతికి తగలదు, పైగా ఆకాశంలోంచి కూడా కాసిని రాలుతూనే ఉంటాయి. అందుకని కొలిచే పెట్టెలో ఏమీ పెట్టకపోయినా న్యూట్రాన్లను లెక్కపెట్టే మీటరు ఎంతో కొంత చూపిస్తుంది. దాన్ని ముందు రాసుకుని, తర్వాత వచ్చే అసలు లెక్కలోంచి తీసేయాలి. అదే ఖాళీ లెక్క. మిగతావాళ్ళు దానికి ఒక గంట కేటాయిస్తే జకర్యా గారు పూటంతా కూర్చుంటారు. అదీ చాలక ఇంటికి పట్టుకొచ్చారు.

"పెళ్ళిచూపుల్లో నన్ను పాడమన్నారు," అని మార్త గారు ఇప్పటికీ చెబుతారు. "గొంతు సవరించుకుంటుంటే, ఆగండి, అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దన్నారు. మా ఫ్యాను చప్పుడంతా విని, అప్పుడు నా కీర్తన విన్నారు."

"విని ఏమన్నారండీ?" అని అడుగుతారు వినేవాళ్ళు.

"ఫ్యాను తీసేస్తే గొంతు బావుందన్నారు."

పద్మారావు నగర్‌లో డాక్టరు దగ్గరికి వెళితే, బీపీ పట్టీ ముందు కుర్చీ చేతికి కట్టమన్నారు. కొత్త నర్సు, కట్టేసింది. కుర్చీకి బీపీ లేదని రూఢి అయ్యాకే తన చెయ్యి చాపారు.

ఇలాంటి మనిషి దగ్గర పరిశోధనకు చేరడం తన పుణ్యమో పాపమో నాలుగేళ్ళయినా సింధూరకు తేలలేదు. సిమెంటు దిమ్మను పగలగొట్టకుండా లోపల చెమ్మ ఎంతుందో న్యూట్రాన్లతో కనిపెట్టడం ఆమె పని. వేగంగా పోయే న్యూట్రాను నీటికి తగిలితే నెమ్మదిస్తుంది. నెమ్మదించినవాటిని లెక్కపెడితే చెమ్మ సంగతి తెలిసిపోతుంది. చూడాల్సిన దిమ్మలు వంద, చూసినవి నలభై.

ఒక వారం పాటు రోజూ పదకొండు గంటలకు ఖాళీ లెక్క ఉన్నట్టుండి పెరిగింది. జకర్యా గారు ఆకాశంలో ఏదో జరుగుతోందని తేల్చి, దిమ్మల పని ఆపించి, సూర్యుడి మీద పుస్తకాలు తెప్పించారు. వారం చివరి రోజు సింధూర తలుపు సందులోంచి చూస్తే, అటెండరు జంగయ్య ఆ పెట్టెకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

"మనిషంటే సగానికి పైగా నీళ్ళేనయ్యా," అన్నారు జకర్యా గారు. "నువ్వు ఆనుకుంటే న్యూట్రాన్లు నీకు తగిలి నెమ్మదించి మీటర్లోకి వస్తాయి."

"నాకేం ఎరుక సార్. నడుం నొస్తుంటే జెర ఆనిన, గంతే. గదానికి సూర్యుణ్ణి పరేషాన్ జేసిన్రు."

ఆ వారం రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంతలో కబురొచ్చింది. నాలుగేళ్ళకు నలభై దిమ్మలేమిటి, పైగా రోజూ ఆలస్యంగా రావడమేమిటి, గురువారం సమీక్షలో ఆ అమ్మాయి రిజిస్ట్రేషను రద్దు చేసేస్తానని డైరెక్టరు రామభద్రరావు గారు అన్నారట. సింధూర పరుగున జకర్యా గారి దగ్గరికి వెళ్ళింది.

"గురువారం నా గురించి ఏం చెబుతారు సార్?"

"ఇప్పుడే ఎలా చెప్పను తల్లీ. ఇంకా ఖాళీ లెక్క తీయలేదు."

న్యూట్రాన్లను ఆపడానికి కట్టిన మైనపు గోడ పక్కనే ఉంది. దానికేసి తల బాదుకోవాలనిపించింది ఆమెకు.

ఆదివారం పొద్దున ఆయన మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికి చెప్పకుండా వచ్చారు. ఇంట్లో ఉండేది సింధూర, తుంటి విరిగి మంచం పట్టిన మామ్మ నాంచారమ్మ, అంతే. ఒక మూల కుర్చీ వేసుకుని, నోటుబుక్కు తెరిచి, "మీ పని మీరు చూసుకోండి, నేను లేననుకోండి" అన్నారు. మామ్మ పిలిచినప్పుడల్లా ఒక గీత. పక్క మార్చమంటే ఒకటి, మాత్ర అడిగితే ఒకటి, నీళ్ళ ట్యాంకరు వచ్చిందని బిందెలతో పరిగెత్తితే ఇంకొకటి. తను పనిచేస్తోందో లేదో పట్టుకోవడానికే వచ్చారని సింధూర లోపల్లోపల ఉడికిపోయింది.

"ఏమే సింధూ, ఆ పెద్దాయన ఎందుకలా గీతలు గీసుకుంటున్నారు?"

"ఖాళీ లెక్కట మామ్మా."

"ఈ ఇంట్లో ఖాళీ ఎక్కడ దొరికిందే ఆయనకి?"

గురువారం రామభద్రరావు గారు రద్దు కాగితం ముందు పెట్టుకునే కూర్చున్నారు. "చెప్పండి జకర్యా గారూ. ఈ అమ్మాయి పని ఎలా ఉంది?"

జకర్యా గారు నోటుబుక్కు తెరిచారు. "వాళ్ళింటి ఖాళీ లెక్క తీశానండి. దాన్ని తీసేస్తే ఈ అమ్మాయి చేతికి మిగిలే గంటలు ఇవీ. ఈ గంటల్లో నలభై దిమ్మలు నావల్ల కూడా కాదు. ఆగిపోయిన అరవైలో ఇరవై దిమ్మల పాపం నాది. అదీ రాశాను."

"ఆ ఇంట్లో అంత ఇబ్బంది ఏముంది?"

"అది చెప్పకూడదండి. తీసేయడానికే రాస్తాం గానీ పదిమందికీ చూపించడానికి కాదు."

సింధూర తలెత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు అందరికీ కనబడతాయి. నాలుగు రోజులుగా ఈ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టిందో గుర్తొచ్చి సిగ్గేసింది.

డైరెక్టరు నోటుబుక్కు లాక్కుని పేజీలు తిప్పారు. పేజీకో పేరు. జంగయ్య ఉన్నాడు, క్యాంటీన్ వంటవాడు ఉన్నాడు. ఒక పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"నా పేరు కూడా ఉందేమిటండీ ఇందులో?"

"రెండేళ్ళ క్రితం మీ ఇంటికి భోజనానికి వచ్చాను కదండీ. అప్పుడు తీశాను. అందుకే మీరెంత అరిచినా నాకు కోపం రాదు."

రామభద్రరావు గారు పేజీలో గీతలు మొదటినుంచి చివరిదాకా చూసుకున్నారు. నోటుబుక్కు మూసి తిరిగి ఇచ్చేశారు. రద్దు కాగితం చింపి, ఇంకో ఏడాది గడువిస్తూ సంతకం పెట్టారు.

"జకర్యా గారూ," అన్నారు పెన్ను మూత పెడుతూ, కాస్త మెత్తబడిన గొంతుతో. "ఈసారి ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు నాకూ చెప్పండి. నేనూ వచ్చి ఓ మూల కూర్చుంటాను."