వాడిక ఇంటికి రాని జున్నుపాలు

మొన్న ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి, ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా చేరినవాళ్ళకి సగం ధరకే ఇస్తూ, ఇన్నేళ్ళుగా నమ్ముకున్న నాకు ధర పెంచుతారేమిటయ్యా అని అడిగితే, పాతది తీయించేసి మీ ఆవిడ పేరు మీద కొత్తది పెట్టించుకోండి సార్ అని అక్కడి కుర్రాడు చల్లగా సెలవిచ్చాడు. నిర్ఘాంతపోయాను. ఔరా, అచ్చం ఈ ఉపాయమే మా మామ్మ ఏనాడో చెప్పింది కదా!

అరవైల చివర బొబ్బిలిలో మాకు పాలు పోసే ఆవిడ, మా అమ్మ కాపురానికి రాకముందు నుంచీ మా వాడిక. మీకూ గుర్తుండే ఉంటుంది, గేదె ఈనితే తొలిపాలు అమ్మేవారు కాదు. జున్ను వండుకోమని, రోజూ పాలు పోయించుకునే వాడిక ఇళ్ళకి ఊరికే ఇచ్చేవారు, మనం ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపకుండా బెల్లమో బియ్యమో వేసి ఇచ్చేవాళ్ళం. ఆ ఏడు మామ్మ మంచం పట్టింది. నోటికేదీ సహించక, జున్నొక్కటే తినాలనుందంటూ, గేదె ఈనిందా అని రోజూ అడిగేది. తీరా ఈనాక, ఆ పాలు ఎదురింట్లో కొత్తగా దిగిన ఆఫీసరు గారింటికి పోయాయి! అమ్మ ఉండబట్టలేక పాలావిడని అడిగేసింది.

“మీరెక్కడికి పోతారమ్మా, మనోళ్ళు. కొత్తోళ్ళని నిలుపుకోవాల గదేటి” అంది పాలావిడ, దాపరికం లేకుండా.

“ఒసే కోడలా, రెండ్రోజులు దీని పాలు మానిపించీ. మనవూ కొత్తోళ్ళమైపోతాం, జున్ను అదే వస్తాది” అంది మామ్మ మంచం మీంచి.

మామ్మ నవ్వుతూనే అంది గానీ, పాలావిడ మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. నన్ను మానిపిస్తారేటమ్మా అంటూ గుమ్మంలోనే కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆవిడ రెండో గేదె ఈనేసరికి మామ్మ పోయి నెల దాటింది. అయినా తొలిపాల గిన్నె తిన్నగా మా ఇంటికే తెచ్చి, మామ్మ మంచం ఉండే చోట పెట్టి వెళ్ళింది. అమ్మ జున్ను వండింది గానీ మేమెవరమూ ముట్టుకోలేదు.

పాలావిడ చేసిందీ అన్యాయమే, కాదనను. కానీ మానేస్తామంటే తల్లడిల్లిపోయింది.

నిన్న ఆ కుర్రాడు చెప్పినట్టే పాత కనెక్షన్ తీయించేశాను. ఎందుకు మానేస్తున్నారండీ అని ఎవరైనా అడిగితే నాలుగూ దులిపేద్దామని సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. ఒక్కరూ అడగలేదు.