త్రినాథ్ మడమ నేలకానిన రోజు

తాకేటా పేటలో ఎవరి కాలు బెణికినా హైమ గుమ్మం ఎక్కాల్సిందే. పగటిపూట మాత్రం ఆమె నేరాలు చేసిన మగపిల్లల్ని ఉంచే శిక్షణాలయంలో ఫిజియోథెరపీ చేయిస్తుంది.

తామ్వే పేట కుర్రాడు త్రినాథ్ ఫోన్ల దొంగతనం మీద అక్కడికి వచ్చాడు. వస్తూనే గోడ దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని, మడమ నేలకానించడే! వ్యాయామమంటే మొహం తిప్పేసేవాడు. చివరికి హైమ ఓ చిన్‌లోన్ బంతి తెచ్చింది. పేముతో అల్లిన ఆ బంతిని ఆరుగురు వలయంగా నిలబడి, నేల తాకకుండా కాళ్లతో ఎగరేస్తుంటారు. ఎదుటి జట్టు లేదు, గెలుపోటములు లేవు. కానీ బాగున్న కాలితో తన్నాలంటే, బాగులేని కాలి మీద నిలబడాలి కదా!

ఈరోజు పగోడా తిరునాళ్లలో శిక్షణాలయం పిల్లల చిన్‌లోన్ ఆట. త్రినాథ్‌ను పంపడానికి పెద్దాఫీసరు ససేమిరా అన్నాడు. హైమ పూచీ పడింది. "వాడు పారిపోతే మీ చిన్‌లోన్ వైద్యం అందరికీ బంద్" అన్నాడాయన.

డోళ్లు మోగుతున్నాయి. బంతి గాల్లో గిర్రున తిరుగుతూ, ఒక్క తాపుతో జనం నెత్తిమీదుగా రోడ్డు మీద పడింది. త్రినాథ్ దాని వెనకే లగెత్తాడు.

"ఓలమ్మో! గుంటడు ఎల్లిపోనాడు!" కాపలా ధర్మరాజు లబోదిబోమన్నాడు.

హైమ అప్పటికే బల్లెక్కేసింది. "అన్నా, సూడు సూడు! మడమ ఆనిస్తన్నాడు! కుంటే నేదు!"

"నా ఉజ్జోగం పోతంటే మడమంతావేటే?"

"పరిగెత్తురా బావూ, పరిగెత్తు!"

అరిచాక గాని తనేం అరిచిందో ఆమెకు తెలియలేదు. గబుక్కున నోరు మూసుకుంది. ఆగి ఉన్న బస్సు వెనక్కి త్రినాథ్ మాయమయ్యాడు. బస్సు కదిలింది. హైమ బల్ల మీదే మునివేళ్లపై లేచి చూసింది.

బస్సు పోయాక, రోడ్డు పక్క మోకాళ్ల నిండా మట్టితో వాడు. చంకలో బంతి.

రొప్పుతూ వచ్చాడు. "పరిగెత్తమన్నావు గదక్కా. ఎటేపో సెప్పనేదు."

"ఇటేపే! ఎప్పుడూ ఇటేపే!" అంటూ ధర్మరాజు వాడి జబ్బ పట్టుకుని వలయంలోకి నెట్టాడు.

త్రినాథ్ విరిగిన కాలిని తిన్నగా నేలకు నొక్కి నిలబడ్డాడు. రెండో కాలు లేచింది. బంతి పైకి, ఇంకా పైకి ఎగిరింది. బల్ల మీంచి దిగడం మరిచిపోయి హైమ చప్పట్లు కొడుతూనే ఉంది.