శుక్రవారం పూజ, మూడో కంప్రెసరు

నాకు ముక్కు మీద కోపం. ఉద్యోగంలో ఆ కోపమంతా ఎక్కువగా కరెంటు మీటరు మీదే చూపించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక ఐసు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా పనిచేసేవాణ్ణి. ఇంజినీరు అన్నది వాళ్ళిచ్చిన గౌరవం, నేను చదివింది డిప్లొమా. చెరువుల్లో వల లాగిన రోజు మా ఐసు లేకపోతే చేపల లారీ కదిలేది కాదు. మూడు పెద్ద కంప్రెసర్లు, ఐసు దిమ్మల్ని పొడి చేసే క్రషరు, నాలుగు నీళ్ళ పంపులు, కరెంటు పోతే ఒక ముసలి డీజిల్ జనరేటరు. అది స్టార్టయిందంటే ఆవరణలో ఆరేసిన బట్టలన్నీ మసి పట్టేవి.

తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లువాళ్ళు ఊక నుంచి గ్యాసు తీసి, ఆ గ్యాసుతో ఇంజిను తిప్పి కరెంటు చేసుకుంటున్నారని విన్నాను. ఒక ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి వెళ్ళి చూశాను. రోడ్డు పక్కన గుట్టలు పోసి తగలబెట్టే ఊక అక్కడ మిల్లంతా నడుపుతోంది! తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఆయనకి బస్టాండు వచ్చేదాకా ఊక గురించే చెప్పాను. ఆయన ఊకొడుతూనే నిద్రపోయాడు.

మా ఓనరు గారు వ్యాపార కుటుంబంలోని మెత్తని మనిషి. అంతా విని, కరెంటు బిల్లు నా ముందుకు జరిపారు.

"బాగానే ఉందండీ. కానీ మనం ఒకేసారి లాగే కరెంటు, ఈ డిమాండు చూడండి, ఆ ఇంజిను మోసే లోడుని దాటిపోతుంది కదండీ. దానికంటే పెద్ద డీజిల్ సెట్టు తెచ్చుకుంటే సరిపోద్దేమో."

"మూడు నెలలు టైమివ్వండి. డిమాండు దించి చూపిస్తాను. దించలేకపోతే ఉద్యోగం మానేసి మా ఊరు పోతానండి," అన్నాను. ఆవేశంలో అన్న మాట. కామవరపుకోట అవతల మా నాన్న జీడిమామిడి తోటలో నాకోసం పని సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ తోటంటే ఎంత ఇష్టమో, అందులో పనంటే అంత భయం.

అప్పుడే మాకు కొత్త ఎలక్ట్రానిక్ మీటరు బిగించారు. నెల మొత్తంలో ఏ అరగంట అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగామో అది గుర్తు పెట్టుకుంటుంది. ఆ నెల డిమాండు అదే. మిగతా రోజులన్నీ ఎంత బుద్ధిగా ఉన్నా లాభం లేదు. అందుకని నేను మిషన్లకు వంతులు వేశాను. ఎప్పుడూ రెండు కంప్రెసర్లే తిరగాలి, మూడోది విశ్రాంతి తీసుకోవాలి. క్రషరు వెయ్యాలంటే ముందు ఒక కంప్రెసరు ఆపాలి. బోర్డు మీద రంగుతో రాయించి గోడకి కొట్టించాను. కొల్లేటికోట నుంచి వచ్చే మా హెడ్ ఆపరేటరు నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. బోర్డు చదివి, "అలాగేనండీ," అన్నాడు. ఆయన దేనికైనా అలాగేనండీ అనేవాడు.

మొదటి నెల డిమాండు వెంట్రుకవాసి తగ్గలేదు. రెండో నెలా అంతే. ఏ మిషన్లు తిరుగుతున్నాయో ఆపరేటర్లు గంటకోసారి రాసే లాగు పుస్తకం చూస్తే, గంట గంటకీ రెండు కంప్రెసర్లే. ఇక మీటరే తప్పని తేల్చేసి, రీడింగు తీయడానికి వచ్చినాయన మీద అరిచాను. ఆయన నింపాదిగా సంచీ సర్దుకున్నాడు.

"మీటరుకి మీ మీద కోపమేం లేదండీ. అరగంట అరగంటకీ ఎంత లాగారో దాని లోపల రికార్డుంటుంది. తీయించి పంపుతాను, మీరే చూసుకోండి."

కాగితాలు వచ్చాయి. బల్ల మీద పరిచి ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. అన్ని అరగంటలూ చక్కగా ఉన్నాయి, శుక్రవారం పదీ పదకొండు మధ్య తప్ప. నాలుగు శుక్రవారాలూ అదే వరస.

శుక్రవారం పదింటికి ఓనరు గారి అమ్మగారు వచ్చి, మిషను హాల్లో లక్ష్మీదేవి పటానికి పూజ చేసేవారు. ఆ టైముకి నేను ఉండేవాణ్ణి కాదు. మాది తాతల నాటి నుంచి చర్చి కుటుంబం. నేనక్కడ నిలబడితే వాళ్ళకి ఇబ్బందేమోనని, రోడ్డు అవతలి టీకొట్టుకి వెళ్ళి, రెండు టీలు తాగి వచ్చేవాణ్ణి. వెళ్ళమని ఎవరూ అనలేదు. నా మర్యాదకి నాకే ముచ్చటేసేది.

హెడ్ ఆపరేటర్ని పిలిచి అడిగాను. ఆయన చేతులు గుడ్డతో తుడిచిందే తుడిచాడు.

"పూజ టైములో ఏ మిషనూ ఊరికే పడుండకూడదు కదండీ. ఓనరు గారి నాన్నగారి హయాం నుంచీ అన్నీ తిప్పుతామండీ. అమ్మగారు వెళ్ళగానే మళ్ళీ మీ బోర్డు ప్రకారమేనండీ."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు చర్చికెళ్ళేవారు కదండీ. మా పూజ సంగతి చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం దేనికనండీ..."

లాగు పుస్తకంలో అబద్ధం లేదు. పదింటికి రెండే, పదకొండింటికి రెండే. నాకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. మూడో నెల మొదటి శుక్రవారం మర్నాడే. ఆ ఒక్క అరగంట అన్నీ తిరిగితే నెల పోయినట్టే, ఊక ఇంజినూ నా ఉద్యోగమూ పోయినట్టే. ఓనరు గారికి చెబితే, "అమ్మకి నేను చెప్పలేనండీ, మీరే ఎలాగో చెప్పండి," అని ఫోను అందుకున్నారు.

మర్నాడు మొదటిసారి పూజ వేళకి లోపల నిలబడ్డాను. అమ్మగారు పూలసజ్జతో వచ్చారు. హెడ్ ఆపరేటరు మూడో కంప్రెసరు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. "ఆగండి!" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మీటరు సంగతి, అరగంట సంగతి, ఊక సంగతి గడగడా చెప్పేశాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు.

"అన్నీ తిప్పమని నేనెప్పుడన్నాను బాబూ? ప్రారంభోత్సవం రోజున మావారు వచ్చినవాళ్ళకి చూపిద్దామని అన్నీ ఒకేసారి వేయించారు. తర్వాత మీ ఫ్యాక్టరీ పద్ధతేమో, వద్దంటే బాగోదని ఊరుకున్నాను. ఈ మోతలో నా గంట నాకే వినపడదు."

హెడ్ ఆపరేటరు నోరు తెరిచాడు, ఈసారి అలాగేనండీ కూడా రాలేదు.

"ఆ రెండూ కూడా కాసేపు ఆపకూడదూ? ఐసేమైనా కరిగిపోద్దా?" అని ఆవిడ నన్నడిగారు.

"పది నిమిషాలకి ఏమీ కాదండీ," అన్నాను. ఆపించాను. ఎప్పుడూ హోరెత్తే ఆ హాల్లో గంట చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆవిడ మొహం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ నెల డిమాండు దిగింది. పెద్ద డీజిల్ సెట్టు మాట మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి తాడేపల్లిగూడెం నుంచి ఊక లారీలు మా గేట్లోకి రావడం మొదలైంది. మా టీలో, టిఫిన్లో, జుట్టులో అంతా ఊకే.

ఇంజిను నడిచిన మొదటి శుక్రవారం, దానికి బొట్టు పెట్టి అమ్మగారు నా వైపు తిరిగారు.

"రెండేళ్ళ నుంచి ఉన్నావంట కదా బాబూ. మిషన్లు ఆపించిన ఆ రోజుకి ముందు శుక్రవారాలు ఎప్పుడూ కనపడలేదేం?"

"నేనుంటే మీకు ఇబ్బందేమోనని టీకొట్టు దగ్గర ఉండేవాణ్ణండి."

"అయ్యో, అదా సంగతి! మా పూజంటే నీకు గిట్టదేమో అనుకున్నాను. నువ్వొక్కసారి లోపలికి వచ్చి ఉంటే ఈ మోత ఎప్పుడో తగ్గేది కదయ్యా."

మీటరుని తిట్టాను, రీడింగు ఆయన్ని తిట్టాను. ఒక్క నెలలో తేలిపోయే పని అన్నాళ్ళు సాగడానికి నా రెండు టీలు కూడా కారణమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆవిడ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు, తిన్నాను. ఆ ఫ్యాక్టరీలో ఉన్నంతకాలం శుక్రవారం పదింటికి లోపలే ఉన్నాను. టీకొట్టాయన మాత్రం చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.