జడ కోలాటంలో నా జోడీ

మా పక్కింటి అక్క మొన్న మంగళవారం పొద్దున పోయింది. ఖానాపూర్‌లో మా వాడంతా ఆమె వాకిట్లో చేరి ఏడ్చింది. ఏడుస్తూనే నేను, నా చావుకు ఇంతమంది వస్తారా అనుకున్నాను. ఆమె మీద నా కుళ్లు ఆమెతో పోలేదు. దాచుకోవడం ఎందుకు, ఆ సంగతే రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మహిళా మండలి హాల్లో, రిటైరైన ఒక పంతులమ్మ యాభై దాటిన ఆడవాళ్లకు కోలాటం నేర్పడం మొదలుపెట్టింది. "మోకాళ్లు అరిగితే అరగనియ్యిండ్రి, అడుగు మాత్రం తప్పొద్దు" అనేది. అక్కను తీసుకుపోయింది నేనే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ వచ్చింది. నెల తిరిగేసరికి నాకంటే బాగా ఆడింది. అరవై రెండేళ్ల మనిషి, ఆ నడుము ఎలా తిరిగేదో! "జర మీ అక్కను చూసి నేర్చుకో" అని పంతులమ్మ అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మరుసటి ఏడు బాసరలో జడ కోలాటం ఆడాలనుకున్నాం. పైన కట్టిన ఎనిమిది తాళ్లు పట్టుకుని, ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి తిరుగుతూ జడ అల్లాలి. మళ్లీ వెనక్కి నడుస్తూ విప్పాలి. ముందు నడిచేది అక్క, ఎదురు జోడీ నేను. ఆ ముందు చోటు కోసం ఎంత ఆశపడ్డానో! ఒక సాయంత్రం, లోపలికి పోవాల్సిన చోట కావాలనే బయటికి పోయాను. జడ ముడి పడింది.

"ఎవరు తప్పిండ్రు?" పంతులమ్మ గద్దించింది.

నేను ముడి విప్పుతున్నట్టు తాడు మీదికి వంగాను.

"నేనే తప్పిన టీచరమ్మా. యాది మరిచిన" అంది అక్క.

అక్క యాది మరుస్తుందని పంతులమ్మ మా చోట్లు మార్చింది. బాసరలో ముందు నేను నడిచాను. ఫొటోలోనూ ముందు నేనే. చూసినవాళ్లు మాత్రం "గా ఎనకామె ఎంత మంచిగ ఆడుతుందో" అంటారు.

ముడి పడిన రోజు ఇంటికి వస్తుంటే అక్క మెల్లగా అడిగింది. "బయటికెందుకు పోయినవ్ చెల్లె? కాలు నొస్తుందా?"

"అవునక్కా, మోకాలు" అన్నాను.

మర్నాటి నుంచి గిన్నెలో నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చి, ఏ నొప్పీ లేని నా మోకాలికి రాసేది. వద్దంటే వినేది కాదు. "నీ కాలు మంచిగైతెనే మన జోడి" అనేది. దానికీ నాకు కుళ్లే. అంత మంచిగా ఉండడం కూడా ఆమెకే ఎందుకు చేతనవ్వాలి?

అక్క మంచం పట్టాక చూసేందుకు పోతే అదే మాట. "కాలెట్లున్నది చెల్లె?" నిజం నోటిదాకా వచ్చింది. "జర తగ్గిందక్కా" అన్నాను.

నిన్న మళ్లీ క్లాసుకు పోయాను. జడ అల్లాలంటే జోడీలు సరిపోవాలి. ఒకరు లేకపోతే రెండోవారూ కూర్చోవాల్సిందే. పంతులమ్మ అక్క తాడునూ నా తాడునూ కలిపి కిటికీ ఊచకు కట్టేసింది. మిగతా ఆరుగురూ తిరుగుతుంటే నేను కిటికీ పక్కన కూర్చున్నాను.

"నా కాలుకు ఏం కాలేదక్కా" అన్నాను. "ఎన్నడూ ఏం కాలేదు."

గాలికి ఆ రెండు తాళ్లూ కలిసే ఊగుతున్నాయి.