చెమట పట్టని ఒళ్ళు

నాకు చెమట పట్టదు. పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్క చుక్క కారలేదు. గొప్పగా చెప్పుకోవడం లేదు, సిగ్గుపడటం అసలే లేదు. కానీ మా మిరప చేల వైపు మగవాణ్ణి చెమటతోనే తూస్తారు. చెమటోడ్చే మనిషి అంటే పిల్లనిస్తారు, కౌలుకు చేనిస్తారు. చెమటోడ్చనివాణ్ణి పలకరించే దిక్కుండదు.

నా ఒంటికి ఇంకొన్ని లోట్లున్నాయి, అవీ చెప్పేస్తాను. నెత్తిన జుట్టు మొక్కజొన్న పీచులా పలచన. గోళ్ళు రేకుల్లా లేచి విరిగిపోతాయి. పళ్ళు అరడజను మించి రాలేదు, వచ్చినవి కూడా మొనదేలి ఉంటాయి. చిన్నప్పుడు ఒక్కోదానికి ఊళ్ళో ఒక్కో కారణం చెప్పేవాళ్ళు. జుట్టుకు నూనె పెట్టలేదన్నారు, గోళ్ళు కొరుక్కుంటాడన్నారు, పళ్ళకు గ్రహణ దోషమన్నారు. చెమట సంగతికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: వీడికి ఒళ్ళు వంగదు.

వంగదట! నాన్న పోయాక, బడి లేని రోజుల్లో మిరపకాయల కోతకు అందరితో పాటు నేనూ పోయేవాణ్ణి. కాసేపు వంగేసరికి తల దిమ్మెక్కేది, ఒళ్ళు పెనంలా కాలేది. పరుగెత్తి పక్కనున్న వాగులో పడేవాణ్ణి. చొక్కాతో పాటు ఒక గోనెపట్టా కూడా తడిపి, దాన్ని వీపున వేసుకుని మళ్ళీ సాల్లోకి వచ్చేవాణ్ణి. తడి ఆరితే మళ్ళీ వాగు. కూలీలు పకపకా నవ్వి దున్నపోతని పేరు పెట్టారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు అప్పుడూ మంచిది కాదు. నీళ్ళలో పొర్లి వచ్చిన దున్నపోతే కదా మీ బండి లాగుతోంది, దాన్నెవరన్నా సోమరి అన్నారా అని అడిగాను. ఆ తర్వాత పేరు మానలేదు గానీ, నవ్వడం తగ్గించారు.

హైస్కూల్లో ఒకరోజు సైన్సు మాస్టారు చర్మాన్ని నిలువునా కోసినట్టు బోర్డు మీద బొమ్మ వేశారు. వెంట్రుకలో మనకు కనిపించేదంతా ప్రాణం లేనిదేనట. దాని ప్రాణం చర్మం లోపల, గుంటలో ఉన్న కుదుట్లో ఉంటుందట. ఆ కుదురు పక్కనే నూనె గ్రంథి. ఇంకాస్త లోపల దారపు ఉండలా చుట్టుకుని చెమట గ్రంథి, అక్కణ్ణుంచి పైకి ఒక సన్నటి గొట్టం. గోరు కూడా చర్మంలోంచి వచ్చిందే, గట్టిపడి అలా అయింది, అందుకే కత్తిరిస్తే నొప్పి తెలియదన్నారు. పంటి మొలక కూడా తల్లి కడుపులో ఆ పై పొర నుంచే మొదలవుతుందన్నారు. చెమట ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుందన్నారు. మట్టికుండ చెమరుస్తుంది కాబట్టి అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి, ఇత్తడి బిందె చెమర్చదు కాబట్టి చల్లబడవు, మనిషి ఒళ్ళూ అంతేనన్నారు.

నేను బెంచీ మీద కూర్చుని నా గోళ్ళకేసి చూసుకున్నాను. జుట్టుకీ గోళ్ళకీ పళ్ళకీ చెమటకీ పుట్టిల్లు ఒకటే అయినప్పుడు, నావి ఇన్ని లోట్లు కావు, ఒక్కటే. నా చర్మం తయారైనప్పుడే తేడా వచ్చింది. నేను ఇత్తడి బిందెను, అంతే! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒంట్లో లోపముందని తెలిసి గంతులేసినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఇంటికొచ్చి అమ్మకు అంతా వల్లించాను. ఆమె విని, సర్లే, కాళ్ళు కడుక్కుని అన్నం తినమంది.

నాకు ఇరవై దాటాక పెదనాన్న పంపకాలు పెట్టించాడు. సాగర్ కాలువ వస్తుందని ఊళ్ళో ప్రతివాడూ తన చేను ఎటు పడుతుందో చూసుకుంటున్న రోజులవి. పెదనాన్న చెడ్డవాడు కాదు, నాన్న పోయాక మాకింత అన్నం పెట్టినవాడే. చేలన్నీ తన కొడుకులు చేసుకుంటారనీ, నాకు ఇంట్లో వాటా ఇచ్చి గుంటూరులో ఒక చిన్న కొట్టు పెట్టిస్తాననీ మా ఇంటి అరుగు మీద పెద్దమనుషుల ముందు చెప్పాడు. నాకు కొట్టు వద్దు. నాన్న చేసిన వాగు పక్క చేను నాకు కావాలి. ఆ మాటే అన్నాను.

"ఆ మట్టిలో వీడి చెమట ఒక్క చుక్కన్నా పడిందేమో మీరే చెప్పండయ్యా" అన్నాడు పెదనాన్న.

తలకాయలన్నీ ఊగాయి. నేను లేచి చర్మం సంగతి, గ్రంథుల సంగతి, బిందె సంగతి అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను. ఒక పెద్దాయన, చదువుకున్నవాడికి సాకులకేం కొదవ అన్నాడు. అరుగంతా నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది. తువ్వాలు దులిపి వెళ్ళిపోదామనుకుంటుండగా తలుపు చాటు నుంచి అమ్మ బయటికొచ్చింది. నాన్న పోయాక ఆమె నలుగురు మగాళ్ళ ముందుకు రావడం అదే మొదలు.

"బావగారూ, నాకిద్దరు తమ్ముళ్ళు ఉండేవాళ్ళు. ఇదే జుట్టు, ఇవే గోళ్ళు. ఎండాకాలం ఒళ్ళు కాలితే జొరమని తలుపులేసి దుప్పట్లు కప్పారు మావాళ్ళు. చుక్క నీళ్ళు ఒంటికి తగలనీలేదు. ఇద్దరూ పోయారు. వీడికీ అట్టాగే కాలితే మీరందరూ దుప్పటి కప్పమన్నారు. నేను తీసుకెళ్ళి నీళ్ళ తొట్లో కూర్చోబెట్టాను. పిచ్చిదన్నారు, బిడ్డను చంపుకుంటందన్నారు. ఇదిగో, మీ ముందే నిలబడ్డాడు. వాళ్ళ నాన్న చేను వాడికిచ్చెయ్యండి."

పెదనాన్న తల దించుకునే, వాగు పక్కది వాడి పేరునే రాయమన్నాడు.

గెలిచాను. కానీ గెలిచిన సంబరం లేదు. మామయ్యలిద్దరూ ఏదో జ్వరమొచ్చి పోయారనే నాకు తెలుసు. అందరూ వెళ్ళాక, గ్లాసులు కడుగుతున్న అమ్మ దగ్గరికి పోయి, ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. కోపంగానే అడిగాను. ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"చెబితే భయపడతావు. భయపడ్డోడు ఎండలోకి పోడు. ఎండలోకి పోకుండా ఈ ఊళ్ళో ఎట్టా బతుకుతావురా?"

నేను చేనికి బయల్దేరిన ప్రతిసారీ ఆమె గడప దాకా వచ్చి, నీళ్ళు మర్చిపోలేదుగా అని అడిగేది. ఆమె అడిగిందల్లా అదొక్కటే. ఆ భయమంతా ఇన్నేళ్ళూ తనే పడింది, నాకు పిసరంత మిగల్చలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రెండు కుండల నీళ్ళు గట్టున పెట్టుకుని నా చేలో దిగాను. ఆమె అన్నట్టే భయం వేసింది. అయినా దిగాను.