గాడిద మాట్లాడని పుస్తకం

మేం చర్చికి పోయేవాళ్ళం, ముహూర్తాల పట్టింపు మాకు లేదు. ఒక్క పుస్తకానికి మాత్రం ఉండేది. దసరా సెలవులకు అటో ఇటో ఈశాన్యం వానలు మొదలై, మొదటిసారి కరెంటు పోయిన సాయంత్రం ఆ పుస్తకం బీరువా మీదినుంచి కిందికి దిగాలి. ఎండాకాలంలో పిల్లలు ఎంత బతిమాలినా మా ఆయన తీసేవాడు కాదు. "ఇది వాన పుస్తకం రా. ఎండలో తీస్తే గాడిదకు వడదెబ్బ తగల్తాది" అనేవాడు. వాళ్ళు నమ్మేవాళ్ళు.

ఆత్మకూరులో పాత పేపర్లు తూకానికి కొనే అంగట్లో దొరికిందది. అట్ట లేదు, మొదటి పేజీలు కొన్ని లేవు, ఎవరు రాశారో తెలియదు. సముద్రం ఒడ్డునుంచి కొండల దాకా ఉప్పు తీసుకెళ్ళి అమ్ముకునే ఒక మనిషి, అతని ముసలి గాడిద. అంతే కథ. మా ఆయన ఉదయగిరి బండి మీద కండక్టరు. రోజంతా బస్సులో విన్న మాటలన్నీ తెచ్చి ఆ గాడిద నోట్లో పెట్టేవాడు. "ఏందప్పా, నీకేమన్నా కనికరం ఉండాదా? ఇంత ఉప్పు ఏసి, పైన నువ్వు కూడా ఎక్కుతావా?" అని గాడిద సణిగితే పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. మంచం మీద పడుకున్న మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆ పుస్తకం ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు, పోపు పెడుతూ వినీ విననట్టు వినేదాన్ని.

పోయిన మే నెలలో ఆయన పోయాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మంచినీళ్ళు అడిగి, నేను చెంబు తెచ్చేలోపల పోయాడు. గుండె అన్నారు. నేను ఏడవలేదు. మొదట్లో "పాపం, షాకులో ఉంది" అన్నారు. కొన్నాళ్ళకు "ఏం మనిషమ్మా, రాయి" అన్నారు. నాకు రెండూ ఒకటే. ఏడుద్దామని ప్రయత్నం కూడా చేశాను, స్నానాల గదిలో కొళాయి తిప్పి కూర్చుని. రాలేదు. చేతులకు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, ఒళ్ళంతా అట్లా ఉండేది.

మా పిల్లలు బడికి పోరు. ఊళ్ళో ఇది పెద్ద వింత. "ఏంది, పిల్లలకు జొరమా? బడికి పోలా?" అని పాలావిడ ఇప్పటికీ అడుగుతుంది, ఏళ్ళు గడిచినా. పాప ఒకటో తరగతిలో ఉండగా బడి బస్సు హారను వినపడితే చాలు, తిన్నదంతా కక్కేసేది. ఒకరోజు మా ఆయనే దాని టై, బెల్టు విప్పి గోడకు తగిలించి, "ఇంక చాల్లే. మీ అమ్మే టీచరు గదా, ఇంట్లో చదువుకుంటాది" అన్నాడు. నేను అప్పటికే అట్లాంటి బడిలోనే పాఠాలు చెప్పి చెప్పి విసిగి ఉన్నాను. ఆ ఉద్యోగం మానేశాను. తర్వాత పుట్టినవాడైతే బడి గుమ్మమే ఎక్కలేదు. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయించొచ్చు, దాని సంగతి అప్పుడు చూసుకుందాం అనుకున్నాం.

ఆయన పోయాక కూడా పాఠాలు ఆపలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఆపాలంటే ఏదో ఒకటి ఆలోచించాలి కదా, ఆ ఓపిక లేక. ఉదయగిరి కొండ సీతాఫలాలు బస్టాండు దగ్గరికి రాగానే తెచ్చి, ప్రతి ఏడూ లాగే గింజలు కుప్పలు పోయించి గుణకారాలు చేయించాను. సోమశిల డ్యాం గేట్లు ఎత్తారంటే బస్సెక్కించి తీసుకెళ్ళి చూపించాను. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళ మనుషులు ఇప్పుడెక్కడ ఉన్నారని పిల్లవాడు అడిగితే, పునరావాసం అంటే ఏమిటో పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాను. నోరు చెబుతోంది, చేతులు చేస్తున్నాయి. నేను మాత్రం ఎక్కడా లేను. ఇది పిల్లలకు తెలియదనుకున్నాను.

మా అన్నకు తెలిసింది. నెల్లూరులో ఉంటాడు. మంచివాడు, చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే ఫోను పెట్టేసేదాన్ని.

"ఇద్దరికీ హాస్టలు బడిలో మాట్లాడినాను. మా ఇంటికి దగ్గరే, వారం వారం నేను చూసొస్తాను" అన్నాడు. "నువ్వు మనిషివి మనిషిగా లేవమ్మా. ఆ పసోళ్ళకు ఏం చెప్తాండావు నువ్వు?"

అతను అన్నది నిజమే. అసలు సంగతి చెప్పాలంటే, పంపేద్దామనే అనిపించింది. వద్దనడానికి కూడా కొంచెం బలం కావాలి.

"ఈ వానలకు ఒక పుస్తకం చదవాలన్నా. అదైపోయినాక చెప్తాను" అన్నాను.

"పుస్తకానికీ దీనికీ ఏంది సంబంధం?"

నాకూ తెలియదు. గడువు కావాలంతే. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేసి అడుగుతానన్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది, పక్కనే పాప గిన్నెలో సీతాఫలం గింజలు కడుగుతోంది. తల ఎత్తలేదు.

వాన వచ్చింది, కరెంటు పోయింది. పిల్లవాడు స్టూలు వేసుకుని తానే పుస్తకం దించుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఎమర్జెన్సీ లైటు వెలిగించుకుని కూర్చున్నాం.

"మొదలు చెప్పవా?" అంది పాప.

"మొదటి పేజీలు లేవు కదా."

"నాయన చెప్తాడు."

చెప్పేవాడు అనలేదు. నేను సరిచేయలేదు. చిరిగిపోగా మిగిలిన సగం వాక్యంనుంచే మొదలుపెట్టాను. ఉప్పు మనిషి గాడిద మీద బస్తాలు కట్టాడు, ఇద్దరూ బయల్దేరారు, పొద్దు గూకింది. పిల్లవాడు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక, "గాడిద ఏమీ అనలేదేంది?" అన్నాడు.

చదివిన పేజీలు వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. లైటు దగ్గరికి జరిపి కొన్ని పేజీలు తిప్పాను. గాడిద నడుస్తుంది, గడ్డి తింటుంది, చెవులాడిస్తుంది. మాట్లాడదు. ఆ పుస్తకంలో గాడిద ఒక్క మాట కూడా మాట్లాడదు.

"నువ్వు తప్పు చదువుతాండావు" అన్నాడు వాడు.

"ఉన్నదే చదువుతున్నా. నా ప్రాణం తీయకండి" అని కసిరాను.

మంచం మీద మా అత్త లేచి కూర్చుంది. "ఓరి నీ! నాకు బైబిలు చదివేటప్పుడు నా కొడుకు ఒక్క అక్షరం పొల్లుపోనిచ్చేవాడు కాదే! మాట జారితే నేను పట్టుకుంటానని బయం. ఈడ మాత్రం నోటికొచ్చిందల్లా చెప్పినాడా!" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆమెకు వస్తోంది, నాకు రాదు అనుకున్నాను, అసూయగా కూడా అనిపించింది.

మర్నాడు పిల్లవాడే దారి కనిపెట్టాడు. "నువ్వు పుస్తకంలో ఉండేది చదువమ్మా. గాడిద నేను" అన్నాడు. ఎక్కడ ఏ మాట రావాలో వాడికి కంఠతా వచ్చు. ఉప్పు మనిషి బస్తా ఎత్తాడని నేను చదవడం ఆలస్యం, "ఏందప్పా, నేనేమన్నా లారీనా?" అనేవాడు, అచ్చం వాళ్ళ నాయన గొంతుతో, చిల్లర లేదని కసురుకునే కండక్టరు గొంతుతో. అట్లా బండి నడిచింది. అత్త నవ్వేది, వాడు నవ్వేవాడు, నేను పేజీ తిప్పేదాన్ని.

పాపతోనే తంటా వచ్చింది. నాలుగు పేజీలు కాకముందే "చాలమ్మా ఈరోజుకి" అనేది. ఒకరోజు తలనొప్పి అంది. ఒకరోజు నిద్రొస్తాంది అంది, ఇంకా అన్నాలు కూడా తినకముందే. ఒకరోజు లైటు చార్జరు కనపడలేదు, ఇల్లంతా వెతికితే దాని బట్టల మధ్య దొరికింది. నాకు ఒళ్ళు మండింది.

"నా చదువు నచ్చకపోతే ఆ మాట చెప్పు. మూసి పారేస్తాను."

"అది కాదు" అంది. అంతే. ఏది కాదో చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. పిల్లకు కూడా నేను పనికిరాకుండా పోయాను, మా అన్న చెప్పిందే సరైందేమో అనుకున్నాను. ఆ అనుకోవడం కూడా నొప్పి పుట్టించలేదు.

ఆదివారం ఆదివారం మా అన్న ఫోను చేసేవాడు. "ఎందాకా వచ్చింది మీ పుస్తకం?" అనేవాడు. సగం అయింది అనేదాన్ని. ఇంకొంచెం ఉంది అనేదాన్ని. నేను మాట్లాడినంతసేపూ పాప ఆ చుట్టుపక్కలే ఏదో ఒకటి సర్దుతూ ఉండేది.

దీపావళి టపాకాయలు వానకు తడిసిపోయాయి. తర్వాత ఒక ఆదివారం తుఫాను పట్టింది. సంగం దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయని, బస్సులు ఆపేశారని పక్కింటాయన చెప్పి వెళ్ళాడు. చర్చికి కూడా పోలేదు. రేకుల మీద వాన మోతకు గట్టిగా చదవాల్సి వచ్చింది. మిగిలినవి కొన్ని పేజీలే. పాప చాలనలేదు, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది.

చివర్లో ఏటికి వరద వస్తుంది. అవతల కొండ, కొండ కింద వాళ్ళ ఇల్లు. ఉప్పు మనిషీ గాడిదా ఏట్లోకి దిగుతారు. ఇక్కడ మా ఆయన ఏం చెప్పేవాడో వంటింట్లోంచి విన్నదాన్ని, నాకూ తెలుసు. గాడిద ఒడ్డెక్కి, "అదిగో మా కొండ! తొలగప్పా, ఇంక నన్నెవరూ పట్టుకోలేరు" అని ఇంటికి పరుగు తీస్తుంది. వానకు ఉప్పంతా కరిగిపోతుంది. ఉప్పు మనిషి ఇల్లాలు చీపురు తీస్తుంది. "నన్నెందుకు తిడతావు తల్లీ, ఆ వానని అడుగు" అంటుంది గాడిద. పిల్లవాడు అప్పుడే మోకాళ్ళ మీద లేచి, ఆ మాట కోసం నోరు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

నేను పేజీ తిప్పాను. కళ్ళు ముందుకు పోయాయి, చదవడం ఆపేశాను.

అచ్చులో గాడిద ఒడ్డెక్కుతుంది. తడి ఇసుకలో పడుకుంటుంది. అతను బస్తాలు విప్పి, దాని కాళ్ళు రుద్దుతూ తెల్లవార్లూ కూర్చుంటాడు. అది లేవదు. తెల్లారాక ఒక బస్తా తన భుజాన వేసుకుని కొండవైపు నడుస్తాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

"చదువమ్మా" అన్నాడు పిల్లవాడు.

నేనూ గాడిదను ఇంటికి పరుగెత్తించగలను. రెండు మాటలు చాలు, మిగిలింది వాడే చెప్పుకుంటాడు. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో పాప లేచొచ్చి నా భుజం మీదినుంచి పేజీలోకి వంగింది. అది నాకంటే వేగంగా చదువుతుంది. దాని ఊపిరి నా మెడకు తగులుతూ ఉండి, ఒక్కసారి ఆగింది.

"ఉండేది చదువమ్మా" అంది.

చదివాను. పొల్లుపోకుండా చివరిదాకా చదివాను. పిల్లవాడు తెరిచిన నోరు మూసుకున్నాడు.

"నాయనకు ఈ పేజీ తెలుసా?" అన్నాడు వాడు.

"తెలుసు."

"అన్నిసార్లూ చూసినాడా?"

"చూసినాడు. పేజీ తిప్పేటప్పుడు కనపడుద్ది కదా."

వాడు ఆలోచించాడు. ఆరేళ్ళవాడు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ పేజీని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"మాకు ఒకటి చెప్పి, ఆయన ఒక్కడే ఇది చదువుకున్నాడా?"

అప్పుడు వచ్చింది. మే నెలనుంచి రానిది, పొట్టలోంచి, గట్టిగా, అసహ్యంగా వచ్చింది. వంటింట్లో నిలబడి నేను వింటూ ఉండగా, పిల్లల నవ్వుల మధ్య ఈ పేజీ చూస్తూ కూర్చున్న మనిషి కళ్ళముందు కనిపించాడు. నేను ఒక్కసారైనా వచ్చి పక్కన కూర్చోలేదే అని ఏడ్చాను. పోయాడని ఏడ్చాను. మంచినీళ్ళు అందలేదని ఏడ్చాను. పిల్లవాడు భయపడి అవ్వ దగ్గరికి పోయాడు. అత్త వాణ్ణి పట్టుకుని మంచం దిగి వచ్చి నా పక్కన చతికిలబడి, "ఏడువమ్మాయా, ఏడువు" అని వీపు నిమిరింది.

ఫోను మోగింది. ఆదివారం కదా. పాప తీసింది.

"మామా, అమ్మ ఇప్పుడు మాట్లాడలేదు" అంది. తర్వాత, "పుస్తకమా? ఇంకా అవలా. చానా ఉండాది మామా, చానా" అంది.

మూసిన పుస్తకం దాని కాళ్ళ దగ్గరే ఉంది. తలనొప్పులు, చార్జరు, చాలమ్మా ఈరోజుకి, అన్నీ అప్పుడు తెలిశాయి. ఆ రోజు గింజలు కడుగుతూ మా మాటలన్నీ విని, పుస్తకం అయిపోకుండా ఈ పిల్ల ఒక్కతే ఇన్నాళ్ళూ పట్టుకుని లాగింది.

లేచి ఫోను తీసుకున్నాను.

"అయిపోయిందన్నా. పిల్లల్ని పంపను. నా దగ్గరే చదువుకుంటారు."

"ఏందమ్మా, గొంతు అట్లుండాది?" అన్నాడు.

"ఏడుస్తాండా" అన్నాను.