మధ్యాహ్నం పన్నెండింటి గీజర్

మా ఇంటి మీటరు బాక్సులో నేను బిగించిన బోర్డు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. కానీ దాన్ని బిగించిన రోజు నా నడక చూస్తే, మా తాండూరు నుంచి ఉపగ్రహం ఎగరేసి వస్తున్నాననుకోవాలి. బోర్డుతోపాటు చిలుక ముక్కులాంటి క్లిప్పులు మూడు కొన్నాను. క్లిప్పు కరిచి పట్టుకున్న తీగలో కరెంటు పారితే ఆ కబురు నా ఫోనుకు వస్తుంది, ఫోనులో గీత లేస్తుంది. కరెంటు ఆగితే గీత పడుకుంటుంది. విద్యంతా ఇంతే. దీనికోసం పదకొండు ఆదివారాలూ ఒక బొటనవేలి గోరూ ధారపోశాను.

మొదటి క్లిప్పు ఫ్రిజ్‌కు, రెండోది నీళ్ల మోటారుకు. ఈ రెండింటి సంగతీ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియకుండా నేను ఉండనిస్తేగా! నా ఉద్యోగం వికారాబాద్‌లో, రోజూ రైల్లో పోయి రావడం. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసి, "మోటారు బంద్ చెయ్, ట్యాంకు నిండి గంటైంది" అని హుకుం జారీ చేసేవాణ్ణి. ఆఫీసులో సగం మంది నా కుర్చీ వెనక చేరి, మా ఫ్రిజ్ ఎప్పుడు వణుకుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. మూడో క్లిప్పును మాత్రం స్నానాల గదిలోని గీజర్‌కు పోయే తీగకు ఎవరికీ చెప్పకుండా తగిలించాను. ఏ దొంగను పట్టుకోవడానికో నాకే తెలియదు. క్లిప్పు మిగిలింది, అంతే.

అప్పటికి మామ, అంటే నా భార్య తండ్రి, మా ఇంటికి వచ్చి మూడు నెలలు. యాలాల్‌లో కిరాణా దుకాణం నడిపి, కొట్లాటకొచ్చిన గిరాకీని కూడా "అయ్యా" అనే పిలిచి పంపిన మనిషి. ఏదో ఆపరేషన్ అయితే కూతురి దగ్గర కోలుకోవడానికి వచ్చారు. ఆ తరవాత కూడా మా ఇంట్లోనే ఉంటారా, కుల్కచర్లలో చిన్న కూతురింటికి పోతారా అన్నది తేల్చలేదు. నా భార్యకు మాత్రం ఆయన ఇక్కడే ఉండిపోవాలని.

చలికాలం వచ్చింది. ఇంట్లో పరిచిన నాపరాళ్ల మీద అడుగేస్తే, ఆ చలి సూటిగా దంతాల దాకా ఎక్కే రోజులు. మేం ఉండేది ముగ్గురం. ముగ్గురి స్నానాలూ ఎనిమిదింటికల్లా అయిపోతాయి. అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి గీజర్ గీత లేచి నిలబడింది. మరునాడూ అంతే. వారమంతా అంతే.

ఇంట్లో అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. కానీ అడిగితే నలుగురిలో చెప్పడానికి ముచ్చట మిగలదు. ఆదివారం దాకా దాచుకున్నాను.

ఆ ఆదివారం మరదలూ తోడల్లుడూ మామను చూడటానికి కుల్కచర్ల నుంచి వచ్చారు. జొన్నరొట్టెలు, వంకాయ కూర. అందరం తింటుండగా ఫోను బయటికి తీశాను.

"బావా, గా ఫోనుల అక్క గురక గిట్ల కనవడ్తదా?" అంది మరదలు.

"గురకకైతే ఇంకా పెద్ద బోర్డు కావాలె. ముందుగాల ఇది చూడు," అని గీత చూపించాను. "పన్నెండు గొట్టంగనే గీజర్ షురూ! నేను ఆఫీసుల ఫైళ్ల దుమ్ము తింటుంటె, మీ అక్క గీడ రాణి లెక్క రెండో స్నానం చేస్తున్నది. పాలు, గులాబీలు పోసుకుంటున్నదో ఏమో, అది ఫోనుల వస్తలేదు."

తోడల్లుడు పగలబడి నవ్వాడు. "వదినా, దొరికిపోయినవ్!"

నా భార్య నవ్వలేదు. "తినుండ్రి, రొట్టె సల్లారుతది," అంది.

అక్కడ ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను?

"మాట మారుస్తున్నది, చూసిండ్రా! మామా, మీరే అడుగుండ్రి మీ బిడ్డను. పగటి పూట ఎవరి కోసం గంత సింగారం?"

మామ రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టారు.

"నా కోసమే, అల్లుడా," అన్నారు, దుకాణంలో ధర చెప్పినంత మామూలుగా. "ఆపరేషన్ అయినంక నాకు ఉచ్చ ఆగుతలేదు. పక్క తడుస్తది. నువ్వు రైలుకు పోయినంక బిడ్డ నాకు మల్ల నీళ్లు పోస్తది, దుప్పట్లు నానవెడ్తది. చెప్పొద్దని నేనే అన్న. బిడ్డనేమనకు."

పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని లేచి, లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్లి, నాకెందుకు చెప్పలేదని భార్యను అడిగాను.

"చెప్తే ఏం చేస్తుంటివి? రైల్ల నలుగురిని కూసోవెట్టి కథ చెప్తుంటివి," అంది, తోముతున్న గిన్నె మీంచి తలెత్తకుండా. "నాయనకు నీ మాటలంటే మస్తు ఇష్టం. ఆ మాటలు తన మీదికి రావొద్దన్నడు. గందుకే."

ఏడు మండలాలకు సరిపడా మాటలున్నవాణ్ణి. గుడ్డ అందుకుని, ఆమె తోమిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచాను.

సోమవారం ఆఫీసులో పన్నెండయింది. గీజర్ గీత లేవలేదు. ఒంటి గంటకీ లేవలేదు. బోర్డు పాడైందని ఎంత సంబరపడ్డానో! కానీ ఫ్రిజ్ గీత ఎప్పటిలాగే లేస్తోంది, పడుకుంటోంది. ఇంటికి ఫోన్ చేశాను.

"గీజర్ ఎయ్యలేదా?"

"నాయన వద్దన్నడు. సన్నీళ్లే పోసుకున్నడు."

"గీ చలికా? ఎందుకు?"

"నువ్వు చూస్తుంటవని. రేపు కుల్కచర్లకు పోతడట. చెల్లెకు ఫోన్ చేసిండు," అంది.

సెలవు పెట్టి మొదటి రైలుకే ఇంటికొచ్చాను. మూడు క్లిప్పులూ పీకి, బోర్డును మామ ముందు పెట్టాను. ఆయన స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు.

"మామా, తప్పైంది. తీసేసిన. పోకుండ్రి."

ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఫ్రిజ్‌ది ఉంచకపోయినవా? మంచిగ పనిచేస్తుండె గద," అన్నారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈ రోజుకి మరిచిపోయేవాణ్ణేమో.

మరునాడు కారొచ్చింది. ఆయన వెళ్లారు.

ఇప్పుడు నా భార్య ప్రతి ఆదివారం కుల్కచర్ల పోతుంది. నన్ను రమ్మనదు, వద్దనదు. పోయినసారి నేనూ వెళ్లాను. మామ నాకు పక్కన చోటు చూపించి, "అల్లుడా, ఏదన్నా ముచ్చట చెప్పు. ఈడ నవ్వించెటోళ్లే లేరు," అన్నారు.

నోరు తెరిచాను. నాకు తెలిసిన ముచ్చట్లన్నీ ఎవరో ఒకరి మీదే ఉన్నాయి.

"ఏం లేవు మామా," అన్నాను.